మా కాక తాగుబోతు కాదు

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్లాంటి నడక ఉండేదా సార్?"

మానుకోటలో ఒక దవాఖాన. ఫిజియోథెరపీ గదిలో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను. నడుము మీద వేడి సంచి. అడిగిన డాక్టరమ్మకు నా కూతురంత వయసు. నేను దిండులోంచి ముఖం ఎత్తకుండానే జవాబు చెప్పాను.

"మా కాక ఒకాయన ఉండె. ఆయనది తాగుడు నడక."

ఆమె రాసుకుంది. కాగితం మీద పెన్ను నడిచిన చప్పుడు నాకు వినిపించింది. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, అది అబద్ధమని నాకే గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

ఆమె వేడి సంచి తీసి, నా పిక్కలు పట్టుకుని చూసింది. పాదం కింద విల్లులా లేచిన వంపును వేలితో తడిమింది. ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే చాపింది. "నరాల పరీక్షలో వచ్చింది ఇదే సార్. వంశంలో వచ్చే నరాల జబ్బు. మీ పాదం పైకి లేవదు. అందుకని తొడ ఎత్తి, నడుము ఎగరేసి అడుగు వేస్తున్నారు. రోజంతా అట్ల నడిస్తే నడుము నొయ్యదా? నడుముది తప్పేం లేదు. పాదం చెయ్యాల్సిన పని అది చేస్తుంది" అంది. ఆగి, "మీ కాకకు పిక్కలు ఎట్లుండేవి?" అని అడిగింది.

కొంగ కాళ్లలా ఉండేవి. మోకాలి కింద ఎముక, తోలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఊరంతా చూసింది. నేనూ చూశాను.

"తాగితే పిక్కలు అట్ల కావు సార్" అంది ఆ పిల్ల, కాగితం మీద రాసింది కొట్టేస్తూ.

అంత తేలికగా కొట్టేసింది. ఆ రోజు నుంచి నాకు కోపం తగ్గలేదు. ముందు నా మీద, తర్వాత మా ఇంటి మీద, మా ఊరి మీద. చెప్పుకుందామంటే అప్పటి పెద్దలు ఒక్కరూ లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఊరు. మా బాపు తమ్ముడు, మా కాక, ఊరి పాలకేంద్రంలో పాలు పోయించుకునేవాడు. తెల్లవారేసరికి ఆ చిన్న గది ముందు చెంబులు, బిందెలు బారులు తీరేవి. తడి సిమెంటు వాసన, పచ్చిపాల వాసన, ఆడవాళ్ల చీర కొంగులకు అంటిన పేడ వాసన, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేది. కాక గాజు కొలపుల్లను పాలల్లో ముంచి, కళ్ల ఎత్తున పెట్టి చూసేవాడు. నీళ్లు కలిపితే గట్టిగా అనేవాడు కాదు. "అక్కా, మీ బర్రె ఇయ్యాల బాయికాడ ఎక్కువ తాగినట్టున్నది" అనేవాడు. ఆ అక్క నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుని పోయేది. మర్నాడు పాలు చిక్కగా వచ్చేవి. చూసిన పాలు చిన్న గ్లాసులో మిగిలితే మా పిల్లలకు పోసేవాడు. ఆ నురగ మీసాలతోనే బడికి పోయేవాళ్లం.

కాక నడుస్తుంటే మోకాళ్లు పైకి లేచేవి, పాదాలు చప్పుమని నేల మీద పడేవి. చెప్పులు కాలికి నిలిచేవి కావు. అందుకని సైకిలు ట్యూబు ముక్కలు కోసి, మడమ వెనక పట్టీల్లా కట్టుకునేవాడు. ఆయనకు నడుము నొప్పి ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఉంది.

ఆ నొప్పితో బతకడానికి ఆయన కొన్ని పద్ధతులు పెట్టుకున్నాడు. స్టూలును గోడకు ఆనించి కూర్చునేవాడు. ఒక కాలు కింద ఇటుక పెట్టుకునేవాడు. పది మంది పాలు పోసి పోగానే లేచి, రెండు అడుగులు వేసి, మళ్లీ కూర్చునేవాడు. క్యాను నిండకముందే వ్యానులోకి ఎక్కించేవాడు, మిగిలిన పాలు తర్వాత చెంబుతో పోసేవాడు. పగలు ఇంటికి వచ్చి చల్లటి బండల మీద వెల్లకిలా పడుకుని, గొంగడి చుట్ట చుట్టి మోకాళ్ల కింద పెట్టుకునేవాడు.

ఇప్పుడు మానుకోట డాక్టరమ్మ నాకు చెప్పినవి వినండి. కూర్చుంటే వీపుకు ఆనుడు ఉండాలి. అరగంటకోసారి లేవాలి. బరువు ఒక్కసారే ఎత్తొద్దు. పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోవాలి. పాదం జారకుండా పట్టీ వేసుకోవాలి. జబ్బు పోదు, నొప్పిని మాత్రం అదుపులో పెట్టుకోవచ్చు.

ఒక్కటి కూడా కొత్తది కాదు. ఏ డాక్టరూ చెప్పకుండానే, మా కాక తన ఒళ్లును తానే చదువుకుని ఇవన్నీ కనిపెట్టుకున్నాడు. మా ఇంట్లో వాటికి పెట్టిన పేరు సోమరితనం.

"పట్టపగలు పడుకునే మొగోన్ని ఎక్కడన్న చూసిన్రా?" అని మా నాయినమ్మ వాకిట్లో ఎవరు కనిపిస్తే వాళ్లను అడిగేది. మా బాపు అయితే ఆ గొంగడిని కాలితో లాగి పారేసేవాడు. "లే, నాగలి పట్టు. నడుము అదే సక్కగైతది." కాక ఎదురు చెప్పేవాడు కాదు. గొంగడి తెచ్చుకుని, మళ్లీ చుట్ట చుట్టుకునేవాడు.

మా బాపు కాళ్లు నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. పంచె కిందిదాకా దించి కట్టేవాడు. పొలం గట్టు మీద ఆయనా తట్టుకుని పడేవాడు, కాకపోతే గట్టును తిట్టేవాడు. ఇప్పుడు అర్థమవుతోంది. నాకు ఈ జబ్బు కాక నుంచి రాలేదు కదా, బాపు నుంచే వచ్చి ఉండాలి. తన కాళ్లను ఎవరూ చూడకుండా ఉండాలని తమ్ముడి కాళ్లను ఊరందరికీ చూపించాడు. తండ్రి గురించి ఇట్లా రాయకూడదంటారు. రాస్తాను.

ఇక నా సంగతి. నేను తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో వచ్చాను. మా దిక్కు నడుము పట్టినవాళ్లు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకుంటారు. ఆదివారం పొద్దున, ఎండ పొడవకముందు, నొప్పి ఉన్న మనిషి దర్వాజ పట్టుకుని బయటికి ముఖం పెట్టి నిలబడాలి. తన్నేవాడు వెనక నుంచి వచ్చి, మాట్లాడకుండా ఎడమ కాలి మడమతో మూడు తన్నులు తన్నాలి. అంతే. పక్క ఊళ్లనుంచి కూడా మా ఇంటికి వచ్చేవాళ్లు. తన్నినందుకు నాకు ఉడికించిన శనగ గుడాలు, కొబ్బరి ముక్క, బెల్లం. పచ్చి మక్కజొన్న కంకులు దొరికే కాలమైతే వేడి వేడి మక్కగారెలు. నాయినమ్మ నన్ను ఆదివారం ముందు రోజు తలంటి పడుకోబెట్టేది. నా ఎడమ కాలికి ఉన్న గౌరవం ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు.

పాలకేంద్రం కమిటీకి పెద్ద మా ఊరి పటేల్. ఒకసారి ఆయనకు నడుము పట్టింది. అంతకుముందు వాళ్ల తోటలో మామిడికాయలు దొంగిలించానని నన్ను బెత్తంతో కొట్టాడు. ఆ మనిషి మా దర్వాజ పట్టుకుని, నాకు వీపు చూపించి నిలబడ్డాడు.

"మెల్లగ తన్నురా అయ్యా. మామిడికాయలు యాది పెట్టుకోకు."

రెండు తన్నులు ధర్మంగానే తన్నాను. మూడోది కొంచెం గట్టిగా పడింది.

"హబ్బా! గిది మహిమ కాదురో, గిది మామిడికాయల ముచ్చటే!" అని అరిచాడు. వాకిలంతా నవ్వింది. కానీ రెండు రోజుల్లో ఆయన నడుము వదిలింది. పట్టిన నడుము రెండు రోజుల్లో ఎట్లాగూ వదులుతుందని అప్పుడు ఎవరూ అనలేదు. ఆ తర్వాత నేను వీధిలో నడిచే తీరే మారిపోయింది.

ఆ ఏడాది వానాకాలంలోనే నాకు పిట్టలను కొట్టే గులేరు పిచ్చి పట్టింది. చీలిక కట్టె దొరికింది, రబ్బరు దొరకలేదు. ఒక సాయంత్రం కాక చెప్పులు అరుగు కింద కనిపించాయి. రెండు పట్టీలూ బ్లేడుతో కోసుకున్నాను. తెల్లవారి ఆయన క్యాను ఎత్తుకుని మెట్టు దిగుతుంటే చెప్పు జారింది. క్యానుతో సహా పడ్డాడు. మెట్ల మీద నుంచి పాలు కారిపోతుంటే కుక్కలు చేరాయి. కాక లేచి మోచేయి తుడుచుకుని, క్యాను నిలబెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

కానీ బడి దగ్గర నా చేతిలో గులేరు చూశాడు. దోస్తులందరి ముందు దాన్ని తీసుకుని, ముడి విప్పి, రబ్బరు ముక్కలు అరచేతిలో పెట్టి చూపించాడు.

"గిది రబ్బరు గాదు బిడ్డా, నా కాలు. నా కాలు నీ జేబుల వెట్టుకొని తిరుగుతున్నవ్."

దోస్తులు పడీ పడీ నవ్వారు. రెండు రోజులు నన్ను "కాళ్లదొంగ" అని పిలిచారు. ఊరి పెద్దలే వంగి వీపు చూపించే నన్ను! కాక మీద నాకు కసి పుట్టింది. ఆయన అన్న మాటలో కోపం కూడా లేదని ఇప్పుడు తెలుస్తోంది.

పడినప్పటినుంచి కాకకు నొప్పి ఎక్కువైంది. నాయినమ్మ జిల్లేడాకులకు ఆముదం రాసి, వేడి చేసి కట్టింది. వావిలాకు నీళ్లు కాచి పోసింది. ఇల్లంతా ఆ చేదు వాసనే. తగ్గలేదు. అప్పుడు ఆమెకు రోషం వచ్చింది.

"ఊరోళ్ల నడుములన్ని మన పిలగాడు బాగుజేస్తుండు. ఇంట్లోనికి చెయ్యకపోతే నలుగురు నవ్వరా? ఐతారం పొద్దున దర్వాజ కాడ నిలబడు."

"అవ్వా, నాకు నడుము పట్టలేదే. పట్టితే ఒక్క దిక్కు గుంజుతది. నాది కాళ్లల్లనుంచి వస్తుంది. నా కాళ్లే నన్ను ఆపుతలేవు, తన్నితే ఎట్ల నిలబడుత?"

"నీకు అన్నిటికీ సాకే" అన్నాడు మా బాపు.

ఇంతకన్నా సరిగ్గా ఏ డాక్టరూ ఆ జబ్బును చెప్పలేడు. కాక తన నోటితో తానే చెప్పాడు. మేము వినలేదు. ఈ ఒక్క మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

ఆదివారం వాకిట్లో పది మంది ఉన్నారు. పటేల్ కూడా వచ్చాడు. పాలవ్యాను నడిపే సాయబు, కాకను తోలుకుపోదామని వచ్చి, వ్యాను పక్కన నిలబడ్డాడు. కాక రెండు చేతులతో దర్వాజ పట్టుకున్నాడు. ఆయన పిక్కలు వణుకుతున్నాయి. నేను వెనక నుంచి వచ్చాను. మొదటి తన్ను తన్నాను. మడమతో కాదు, మొత్తం కాలితో. ఒంట్లో ఎంత బలముందో అంతా పెట్టాను. అందులో మహిమ లేదు, మందు లేదు, "కాళ్లదొంగ" అన్న మాట ఉంది.

ఆయన చేతులు జారాయి. పాదాలు పట్టు ఇవ్వలేదు. గడప మీదుగా బయటి బండ మీద పడ్డాడు. ముంజేయి విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. లేవబోయి, నడుము పట్టుకుని అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు.

పటేల్ అన్నాడు, "ఏందిరా, నీ కాలుకు మహిమ పోయిందా?"

అందరూ నన్ను చూశారు. గుడాలు, బెల్లం, వంగిన వీపులు, అన్నీ పోతున్నట్టనిపించింది. నేను చెయ్యి చాపి కాకను చూపించాను.

"కాక తాగిండు. నోట్ల కల్లు వాసనొస్తుంది. అందుకే పడ్డడు."

ఆయన నోటి దగ్గరికి నేను పోనే లేదు.

సాయబు ముందుకొచ్చాడు. "అరె పటేల్‌సాబ్, నాలుగేండ్ల సంది పొద్దుగాల ముందుగాల ఈయన మొఖం జూసేది నేను. ఒక్కనాడు వాసన రాలే. ఖుదా కసం, ఈ పోరడు ఝూటా చెప్తుండు."

"నువ్వు నీ వ్యాను జూసుకో సాయబూ. ఇంటి పిలగాడే చెప్తుండు గదా" అన్నాడు పటేల్.

ఇంటి పిలగాడు చెప్పాడు. అంతే, ఊరికి అన్నీ అర్థమైపోయాయి. ఆ నడక ఎందుకట్లా ఉందో, పట్టపగలు ఎందుకు పడుకుంటాడో, క్యాను ఎందుకు పారబోశాడో. ఎన్నేళ్లుగానో వెతుకుతున్న జవాబు దొరికినట్టు అందరూ తల ఊపారు. బాపు అందరికంటే ముందు ఊపాడు. కాక కింద పడిన చోటి నుంచే నా వైపు చూశాడు. నా లెక్క ప్రకారం ఆయన అరవాల్సింది, తిట్టాల్సింది. అరిచి ఉంటే నేను ఏడ్చి నిజం చెప్పేవాణ్నేమో. ఇది కూడా నేను ఇప్పుడు నా కోసం చెప్పుకుంటున్న సాకే కావచ్చు.

తాగేవాడు పాలు ముట్టకూడదని కమిటీ తీర్మానించింది. ఊళ్లో సగం మంది సాయంత్రం తాటిచెట్ల కింద కల్లు దగ్గరనే ఉండేవారు, తీర్మానించినవాళ్లతో సహా. కాక చెయ్యి అతుక్కునేసరికి ఆయన స్టూలు మీద ఇంకొకరు కూర్చున్నారు. పిల్లలు ఆయన వెనక మోకాళ్లు ఎత్తి నడుస్తూ "సీసా కాక, సీసా కాక" అని పాడేవాళ్లు. నేనూ పాడాను. కొన్నాళ్లకు కాక భార్య, మా చిన్నమ్మ, తన తల్లిగారి ఊరు చిట్యాల దిక్కు ఆయనను, ఏడాది నిండని బిడ్డను తీసుకుపోయింది. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు కాక పోయాడని కబురొచ్చింది. పరీక్షలున్నాయని చెప్పి పోలేదు. పరీక్షలు లేవు.

నాకు ముప్పై దాటాక చెప్పులు జారడం మొదలైంది. తర్వాత నడుము. ఇరవై ఏళ్లు మాత్రలు మింగాను, బెల్టులు కట్టాను, తైలాలు రాయించుకున్నాను. ఆఫీసు మెట్ల మీద తూలితే వెనక నుంచి ఎవరో "సారు పొద్దుగాలనే షురూ జేసిండు" అన్నారు. వెనక్కి తిరిగి వాడి కాలర్ పట్టుకున్నాను. నన్ను అంత మాట అంటాడా అని. అప్పుడు కూడా నాకు కాక గుర్తు రాలేదు.

డాక్టరమ్మ, మీ రక్తసంబంధీకులందరికీ చెప్పండి, వాళ్ల పిల్లల కాళ్లు చూపించండి అని పంపింది. కాక బిడ్డ, నాకు చెల్లె, చిట్యాలలో అంగన్‌వాడీ టీచరు. పోయిన నెల పోయాను. పాదాలకు కొత్త ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, బూట్లు వేసుకుని పోయాను. ఆమె చాయ్ పెట్టింది. చాయ్ చల్లారేదాకా మొత్తం చెప్పాను, రబ్బరు పట్టీల నుంచి కల్లు వాసన దాకా.

ఆమె చాలాసేపు గిన్నెలు సర్దుకుంటూ ఉంది. తర్వాత అడిగింది.

"ఇప్పుడెందుకు చెప్తున్నవన్నా?"

"నాకు అదే జబ్బు వచ్చింది చెల్లే."

"నీకు రాకుంటే?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

"మా అమ్మ రోజు పొద్దుగూకంగ ఆయన నోరు వాసన చూసేది, ఎరుకేనా నీకు? ఇంట్లకు రాంగనే దర్వాజల నిలవడి నోరు తెరిచేటోడు, చిన్నపిలగాని లెక్క. పోయేదాక చూసింది. ఒక్కనాడు వాసన రాలే. అయినా తెల్లారి మళ్ల చూసేది. ఊరంత ఒక్కటే మాట అంటుంటే అమ్మ ఎవల మాట నమ్మాలె? నేను బళ్లె తాగుబోతు బిడ్డనే. నా పెండ్లి సంబంధాలల్ల తాగుబోతు బిడ్డనే. గిప్పుడు నువ్వు బూట్లేసుకొని వచ్చి, చాయ్ తాగి, అబద్ధమంటున్నవ్."

"తిట్టు చెల్లే."

"తిడితే నీకు హాయిగుంటది. తిట్ట."

లేచి నిలబడ్డాను. నడుము లాగింది. గోడ పట్టుకున్నాను. ఆమె స్టూలు జరిపింది, గోడకు ఆనించి. "కూసో. మా బాపు కూడ గట్లనే పట్టుకునేటోడు" అంది. కూర్చున్నాక, నా వైపు చూడకుండా చెప్పింది.

"దీపావళి వచ్చిందంటే నాకు తానం పోయించి, తడికాళ్లతోని బండల మీద నడువుమనేటోడు. వెనకనుంచి వంగి ఒక్కొక్క అడుగు చూసేటోడు. మడిమ, వేళ్లు, నడిమిట్ల అంత నిండుగ పడ్డదా అని. ఎందుకు బాపూ అంటే చెప్పకపోయేది. నిండుగ పడ్డదని చూసినంక పోయి పడుకునేటోడు. ఆ ఒక్కనాడే మోకాళ్ల కింద ఏం వెట్టుకోకుండ నిద్రవోయేటోడు. ఆయన పోయినంక నాకు తడికాళ్లతో నడువాలంటెనే ఏడుపొస్తది."

ఆమె పాదాలు చూశాను. చదునుగా, నిండుగా ఉన్నాయి. మా పాదాల వంపుకైతే నడిమి తడి నేల మీద పడదు. ఆమెకు ఆ జబ్బు రాలేదు. ఏడాదికొకసారి తన బిడ్డ అడుగులు లెక్కచూసుకున్న మనిషిని మేము బాధ్యత లేని తాగుబోతు అన్నాం. ఇది వంశంలో వస్తుందని నరాల పరీక్ష లేకుండానే ఆయనకు తెలుసు. నాకు ఇద్దరు పిల్లలు. పరీక్ష చేయించుకున్నాను, కాగితం చేతికొచ్చింది, అయినా వాళ్ల పాదాలు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

బిడ్డ అత్తగారింట్లో ఉంది, ఫోన్ చేసి రమ్మన్నాను. ఇంట్లో ఉన్నది ఇంటర్ చదివే కొడుకు. చిట్యాల నుంచి వచ్చిన మర్నాడు పొద్దున వాణ్ని బాత్రూం నుంచి తడికాళ్లతో హాల్లోకి నడవమన్నాను.

"ఎందుకు బాపూ?" అన్నాడు.

వాణ్ని ముందు కూర్చోబెట్టాను. నాకు ఒక కాక ఉండేవాడని, ఆయన ఏ రోజూ తాగలేదని, తాగాడని చెప్పింది నేనేనని చెప్పాను. వాడు నా ముఖంలోకి చూస్తూ అంతా విన్నాడు. ఆ తర్వాత లేచి, మళ్లీ కాళ్లు తడుపుకుని వచ్చి, నడిచాడు.